గీత గీసినట్టు ఎండిన పచ్చిక

చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన ఆ మనిషిని చూడగానే పోస్టుమాన్ లేచి కుర్చీ వేశాడు. ముప్ఫై రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచినవాడు కావడంతో, తలుపు తీసిన మనిషి ముఖం చూస్తే చాలు, లోపల వేడుక జరుగుతోందో గొడవ జరుగుతోందో పసిగట్టగలడు. ఈవిడ ముఖంలో ఆ రెండూ కనపడలేదు. భయం మాత్రం కనపడింది.

రిటైరైన తర్వాత ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక అతను ఈ డిటెక్టివ్ ఆఫీసులో సహాయకుడిగా చేరి మూడేళ్ళయింది. కింద దర్జీ షాపు, పైన రెండు గదులు. ముందుగదిలో అతని బల్ల, లోపలి గదిలో డిటెక్టివ్. ఆమెకు యాభై దాటాయి. పూర్వం బీమా కంపెనీలో, కాలిపోయిన గోదాములూ బోల్తాపడ్డ లారీలూ చూసి ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చే ఉద్యోగం చేసింది. ఆలోచించేటప్పుడు ఆమె చేతులు ఊరికే ఉండవు, ఊలుతో ఏదో అల్లుతూ ఉంటాయి. అది మఫ్లరో స్వెట్టరో మూడేళ్ళయినా పోస్టుమాన్‌కు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ చాల్లేదు.

లోపలికి వెళ్ళగానే ఆవిడ కవరు బల్ల మీద బోర్లించింది. గుప్పెడు ఎండుగడ్డి రాలింది.

"మా ఇంట్లో ఎవరో విషం పోస్తున్నారండీ" అంది.

డిటెక్టివ్ ఊలు పక్కన పెట్టి మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. నీళ్ళు తాగాక ఆవిడ నెమ్మదిగా సంగతంతా చెప్పుకొచ్చింది. ఆవిడ ఆ ఇంటి పెద్దకోడలు. కొత్తగా కట్టిన ఇంట్లోకి వచ్చి అయిదు నెలలయింది. అంతకు కొద్దిరోజుల ముందే మామగారికి పక్షవాతం వచ్చి ఎడమకాలు పట్టు తప్పింది. పొద్దునా సాయంత్రం మెత్తటి పచ్చిక మీద చెప్పుల్లేకుండా నడిపించమని డాక్టరు చెప్పాడు. అందుకే కిటికీలకు కర్టెన్లు కట్టకముందే ఇంటి ముందు లాన్ వేయించారు. రెండు నెలలు కళ్ళకు పండగలా ఉంది. ఎండలు ముదిరాక ఒక భాగం పసుపు రంగుకు తిరిగి, గడ్డివాము రంగులోకి వచ్చేసింది. నిన్న సాయంత్రం ఆవిడ భర్త పెరట్లో సామాన్ల గది తెరిస్తే, మూల తోటమాలి బుట్ట వెనక కలుపుమందు సీసా ఒకటి దొరికింది, సగం ఖాళీగా.

"ఈ సాయంత్రం అయిదింటికి కాలనీ కమిటీ మీటింగు. మా ఆయన తోటమాలి మీద కంప్లయింటు రాసి పెట్టుకున్నారు. ఆ తోటమాలి మా కాలనీలో పదకొండు ఇళ్ళల్లో పనిచేస్తాడు. ఆ కాగితం చదివారంటే పదకొండు గేట్లూ మూసుకుపోతాయి."

"మీకు అతని మీద అనుమానం లేదా?"

"లేదండీ. రోజూ మావయ్యగారి చెయ్యి పట్టుకుని ఆ గడ్డి మీద నడిపించేది ఆయనే. విషం పోసిన చోట మనిషిని నడిపిస్తాడా? అంటే ఇంకెవరో పోస్తున్నారు. ఆ ఇంకెవరు అన్న ఆలోచనకే నాకు వణుకొస్తోంది. విషం అన్న మాట చెవిన పడ్డప్పట్నుంచీ మావయ్యగారు గుమ్మం దిగలేదు. ఇలాగే కూర్చుండిపోతే ఆ కాలు ఇక రాదు."

డిటెక్టివ్ ఎండుగడ్డిలోంచి ఒక మొక్క తీసి, వేళ్ళకంటిన మట్టి దులిపి వెలుతురుకు పట్టింది. తర్వాత దాన్ని పోస్టుమాన్ చేతికిచ్చింది.

"వేళ్ళు చూడండి బాబాయ్."

అతను చూశాడు. వేళ్ళు వేలెడు పొడవు కూడా లేవు. కిందికి దిగినవి దిగినట్టే వంగి, పక్కకు పరుచుకున్నాయి. అందులో వింతేమిటో తట్టక తలాడించి ఊరుకున్నాడు. అప్పటికే ఆమె సంచీలో ఊలుతో పాటు పొడవాటి ఇనప సూది ఒకటి పడేసుకుని చెప్పులేసుకుంటోంది.

కొత్త రంగుల వాసన ఇంకా వదలని ఇల్లు అది. గేటు తీస్తే ఎడమచేతి వైపు లాన్. అది చూసి పోస్టుమాన్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. గడ్డి ఎండితే అక్కడో మచ్చా ఇక్కడో మచ్చా పడుతుందనుకున్నాడు. ఇక్కడలా లేదు. ఒక పెద్ద గదంత మేర, నాలుగు పక్కలా స్కేలు పెట్టి గీత గీసినట్టు ఎండింది. గీతకు ఇవతల నిగనిగలాడే పచ్చదనం, అవతల తుక్కు. చిత్రమేమిటంటే ఆ తుక్కు నడిమధ్య నుంచి జానెడు వెడల్పున పచ్చటి చార ఒకటి, గేటు వైపు నుంచి వంటింటి వైపు తిన్నగా పోతోంది. ఎండిన చోట పొద్దున పట్టిన నీళ్ళు ఇంకా ఇంకలేదు. చిన్న మడుగులో పిచ్చుకలు రెండు స్నానాలు చేస్తున్నాయి.

డిటెక్టివ్ ఆ ఎండుగడ్డిలో గొంతుక్కూర్చుని, దాని మధ్య పచ్చగా మొలిచిన చిన్న చిన్న కలుపు మొక్కలు నాలుగు తుంచి రుమాలులో మూట కట్టుకుంది.

పెద్దకొడుకు ఎదురొచ్చాడు. మందుల కంపెనీలో సరుకు నాణ్యత పరీక్షించే ఉద్యోగం. భార్య తనతో చెప్పకుండా డిటెక్టివ్‌ను పిలిచినందుకు నొచ్చుకున్నట్టు కనపడినా మర్యాద తప్పలేదు. సాక్ష్యాలున్నాయంటూ ఫైలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. తొమ్మిది ఆదివారాలు, తొమ్మిది ఫోటోలు, ఒక్కోదాని కింద తేదీ. పోస్టుమాన్‌కు అతని మీద గౌరవం కలిగింది. ఇంత పద్ధతైన మనిషి ఉత్తరాల మీద పిన్‌కోడు తప్పకుండా రాసే రకం అనుకున్నాడు.

"మొదటి ఫోటోకీ మొన్నటి ఫోటోకీ తేడా ఏమిటండీ?" అని డిటెక్టివ్ అడిగింది.

"రంగు ముదిరింది. మొదట పసుపు, ఇప్పుడు పూర్తిగా చచ్చిపోయింది."

"మరి మేర?"

అతను ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు చూశాడు. గట్టు మీద మందారం కుండీ ఉంది. తొమ్మిది వారాల కిందట పసుపు రంగు సరిగ్గా ఆ కుండీకి ఎదురుగా ఆగింది. మొన్నా అక్కడే ఆగింది. "పెరగలేదు" అన్నాడు, ఆ సంగతి తనకూ ఇప్పుడే తెలిసినట్టు.

కిటికీ దగ్గర పడకకుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒడిలో దుప్పటి, గోడకు ఆనించిన చేతికర్ర. మాట మెల్లగా, ముద్దగా వస్తోంది. డిటెక్టివ్ పలకరిస్తే, బయట నడవడం మానేసి రెండు పూటలయిందని, ఆ రెండు పూటల్లో ఫ్యాను రెక్కలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే తేలాయని చెప్పాడు. ఆమె నవ్వింది. పోస్టుమాన్ కూడా నవ్వాడు.

సామాన్ల గది పెరట్లో మూలన ఉంది. ఇల్లు కట్టేటప్పుడు అందులో సిమెంటు బస్తాలు పెట్టుకునేవాళ్ళని పెద్దకోడలు చెప్పింది. కలుపుమందు సీసా దొరికిన చోటే ఉంచారు. డిటెక్టివ్ రుమాలుతో పట్టుకుని తిప్పి చూసింది. సీసా భుజాల మీదా మూత చుట్టూ బూడిదరంగు చుక్కలు గట్టిగా అంటుకుని ఉన్నాయి. గోటితో గీకితే రాలేదు. మూత తిప్పబోతే కదల్లేదు. ఆమె దాన్ని యథాస్థానంలో పెట్టేసి, గోడకు ఆనించిన తోటమాలి పలుగు వైపు చూసింది. పలుగు కొత్తది, కడ్డీ మీద కొట్టువాడు అంటించిన చీటీ ఇంకా ఉంది. మొన మాత్రం బండకేసి బాదినట్టు వంగిపోయింది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ముందు పక్కింటాయన. ఆయనే కాలనీ కమిటీకి సెక్రటరీ. ఇల్లు కట్టే రోజుల్లో తన గేటుకు అడ్డంగా ఇసక పోశారని ఈ ఇంటివాళ్ళతో ఒక పెద్ద గొడవ పెట్టుకున్నాడని అప్పటికే తెలిసింది. ఆయన గోడ అవతల నుంచే మాట్లాడాడు. ఇసక ఒక్కటేనా, ఆర్నెల్ల పాటు సరిగ్గా తన పడగ్గది కిటికీ ఎదురుగా కంకర కలిపే మిల్లరు పెట్టి పొద్దున ఆరింటి నుంచి చెవులు చిల్లులు పడేలా తిప్పారని చెప్పుకున్నాడు. విషం సంగతి అడిగితే ఆయన నొచ్చుకోలేదు.

"పొయ్యాలంటే ఈ గోడెక్కాలి కదమ్మా. నా మోకాళ్ళతో నేను మంచమే రెండు విడతల్లో ఎక్కుతాను."

డిటెక్టివ్ ఆయన పడగ్గది కిటికీ ఏదని అడిగింది. ఆయన చూపించాడు. ఆమె కిటికీ వంక చూసి, వెనక్కి తిరిగి లాన్ వంక చూసి, నమస్కారం పెట్టి వచ్చేసింది.

చిన్నకొడుకు ముద్రణాలయంలో డిజైనరు. తండ్రి ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కూడా సెలవు పెట్టి మరీ, ఇల్లంతా మొదట్నుంచీ దగ్గరుండి కట్టించింది అతనే. ఆ మాట చెప్పేటప్పుడు వదినగారి గొంతులో గర్వం వినపడింది. తమ్ముడు మొదలుపెట్టి చివరిదాకా చేసిన పని ఇదేనని తన భర్త బంధువులందరికీ చెప్పుకున్నాడట. చిన్నకొడుకు తల వంచుకుని గేటు మీద పొడుచుకొచ్చిన రంగు పొలుసులు గోటితో గిల్లుతున్నాడు.

"వంటింటి కుళాయికి నీళ్ళ పైపు ఏ వైపు నుంచి వేయించారు?" అని డిటెక్టివ్ మామూలుగా అడిగింది.

"కుడి పక్క నుంచండీ. గోడ వెంట" అన్నాడతను వెంటనే.

ఆమె ఇంకేమీ అడగలేదు. మునిసిపాలిటీ నీళ్ళ మీటరు గేటుకు ఎడమపక్కన ఉండటం పోస్టుమాన్ కూడా చూశాడు. కానీ చూసిన దానికీ విన్న దానికీ ముడి పెట్టడం అప్పటికి అతనికి తట్టలేదు.

తోటమాలి చివర వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎండకు మాడిన భుజాలు, చేతిలో నీళ్ళ గొట్టం. గడ్డి ఎందుకెండిందంటే ఎండకన్నాడు. సీసా ఎవరిదంటే తెలియదన్నాడు. పలుగు మొన ఎందుకు వంగిందని అడిగితే పాతది కదమ్మా అన్నాడు. అలా అంటున్నప్పుడు అతని చూపు డిటెక్టివ్ మీద లేదు, గేటు దగ్గరి చిన్నకొడుకు మీద ఒక్క క్షణం నిలిచి నేల మీదికి దిగింది. సాయంత్రం మీటింగులో తన మీద ఏం చదవబోతున్నారో తెలుసా అంటే తెలుసన్నాడు. మరి నోరు విప్పవేమని అడిగితే గొట్టం చుట్టుకుంటూ పక్కకు వెళ్ళిపోయాడు.

భోజనాల వేళ ఇంట్లోవాళ్ళు లోపలికి వెళ్ళాక పోస్టుమాన్ మెల్లగా తన అభిప్రాయం బయటపెట్టాడు.

"తోటమాలి ఏదో దాస్తున్నాడమ్మా. వాలకం చూస్తే తెలుస్తోంది."

"దాస్తున్నాడు బాబాయ్. కానీ అది తన రహస్యం కాదు. తనది దాచుకునేవాడు భయపడతాడు. ఇతను బాధపడుతున్నాడు."

ఆమె సంచీలోంచి అల్లిక సూది తీసింది. పచ్చగా ఉన్న చోట గుచ్చితే చివరిదాకా దిగింది. ఎండిన చోట గుచ్చితే మూడు వేళ్ళ లోతు దిగి టక్కుమని ఆగింది. మధ్యలోని పచ్చ చారలో గుచ్చితే మళ్ళీ పూర్తిగా దిగింది. సూది ఆగిన ప్రతి చోటా ఒక అగ్గిపుల్ల గుచ్చమని ఆమె పోస్టుమాన్‌కు చెప్పింది. గంటసేపు ఇద్దరూ మోకాళ్ళ మీద పాకారు. రెండు అగ్గిపెట్టెలు ఖాళీ అయ్యాక అతను లేచి నడుం మీద చెయ్యి వేసుకుని చూశాడు. ఎండిన మేర ఎంతో పుల్లల మేర అంతే ఉంది.

సరిగ్గా నాలుగింటికి డిటెక్టివ్ అందర్నీ లాన్ దగ్గరికి పిలిపించింది. పెద్దాయన కుర్చీని అరుగు మీదికి తెచ్చారు. పెద్దకోడలు ఆయన వెనక నిలబడింది. పెద్దకొడుకు చేతిలో ఫైలూ కంప్లయింటు కాగితమూ. సెక్రటరీ గోడ చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చాడు. చిన్నకొడుకు స్తంభాన్ని ఆనుకున్నాడు. తోటమాలి అందరికంటే దూరంగా, పలుగు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ ఎవరూ విషం పొయ్యలేదు" అని డిటెక్టివ్ మొదలుపెట్టింది. "ముందు ఆ భయం తీసేయండి. పెద్దాయన గారూ, మీ కాళ్ళకు ఏమీ కాదు."

రుమాలు విప్పి కలుపు మొక్కలు చూపించింది. ఇవి ఎండుగడ్డి మధ్యలో హాయిగా పెరుగుతున్నాయనీ, కలుపుమందు చల్లితే మొట్టమొదట చావాల్సింది ఇవేననీ చెప్పింది. సీసా మీదున్నవి సిమెంటు చుక్కలు. మూత కూడా సిమెంటుతో బిగుసుకుపోయింది. అంటే ఇల్లు కట్టకముందు స్థలంలో పిచ్చిమొక్కలు చంపడానికి పనివాళ్ళు వాడి, సిమెంటు బస్తాల మధ్య వదిలేసిన సీసా అది. గడ్డి వేసిన తర్వాత దాని మూత ఎవరూ తెరవలేదు. తోటమాలి ఈ ఇంట్లో అడుగుపెట్టే నాటికే అది అక్కడ ఉంది.

పెద్దకొడుకు చేతిలోని ఫైలు తెరిచాడు.

"మీ ఫోటోలే నాకు దారి చూపించాయండీ" అని ఆమె అతనితో అంది. "తెగులైతే పాకుతుంది. పురుగైతే పాకుతుంది. మందైతే నీళ్ళతో పాటు జారుతుంది. ఇది తొమ్మిది వారాలుగా ఒక్క అంగుళం కదల్లేదు. కదలనిది గడ్డిలో ఉండదు, గడ్డి కింద ఉంటుంది."

పోస్టుమాన్‌కు వేళ్ళు పక్కకు తిరిగిన మొక్క గుర్తొచ్చింది. ఇంకని నీళ్ళు గుర్తొచ్చాయి. ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి.

డిటెక్టివ్ అగ్గిపుల్లల మేర చూపించింది. సెక్రటరీగారి పడగ్గది కిటికీకి ఎదురుగా ఆర్నెల్లు మిల్లరు తిరిగిన చోటు అది. కింద నేల బురద కాకుండా ముందు గచ్చు పోశారు. రోజూ మిగిలిన మాలు దాని మీదే గట్టిపడి బండైంది. పని పూర్తయ్యాక ఆ బండను పగలగొట్టి ఎత్తెయ్యకుండా, దాని మీద మూడు వేళ్ళ మందం ఎర్రమట్టి పోసి గడ్డి పరిచారు. చల్లటి రోజుల్లో గడ్డి బతికింది. ఎండలు రాగానే కింద బండ కాలింది, పైన నీళ్ళు ఇంకలేదు, వేళ్ళకు దిగడానికి చోటు లేదు. మధ్యలో పచ్చ చార ఉన్నచోట మాత్రం బండ లేదు. మీటరు నుంచి వంటింటికి నీళ్ళ పైపు వెయ్యడానికి అక్కడ బండను కోసి లోతుగా కాలవ తీశారు. ఆ కాలవలో మట్టి నిండా ఉంది కాబట్టి గడ్డి దర్జాగా ఉంది.

"అంటే పైపు వేయించిన వాళ్ళకు ఈ బండ సంగతి తెలుసు" అంది ఆమె. ఎవరి వైపూ చూడలేదు. "అయ్యా, తోటమాలి గారూ, ఆ పలుగుతో ఇక్కడ ఒక్క దెబ్బ వెయ్యండి. అందరూ చూస్తారు."

తోటమాలి పలుగు మీద చెయ్యి వేసి తీసేశాడు.

"నేను కొట్టనమ్మా. మాటిచ్చాను."

అప్పుడు చిన్నకొడుకు స్తంభాన్ని వదిలి మెట్లు దిగి వచ్చాడు. తోటమాలి దగ్గర పలుగు తీసుకుని, పుల్లల మధ్య నిలబడి, బలమంతా పెట్టి ఒక్క పోటు పొడిచాడు. ఖంగుమంది. మట్టి ఎగిరిన చోట బూడిదరంగు బండ కనపడింది.

"నేనే అన్నయ్యా" అన్నాడు.

అతను చెప్పినది ఎక్కువేం లేదు. నాన్నను వచ్చేవారం పంపిస్తామన్న డాక్టరు ఈ శుక్రవారమే పంపించేస్తామన్నాడు. అప్పటికి బుధవారం. బండ పగలగొట్టి ఎత్తడానికి నాలుగు రోజులు పడుతుందని మేస్త్రి అన్నాడు. నాన్న కారు దిగేసరికి గడ్డి ఉండాలని మట్టి కప్పించేశాడు. వారం తర్వాత కొత్తగా వచ్చిన తోటమాలి ఓ మొక్క పాతబోతే పలుగు వంగింది. ఎవరికీ చెప్పొద్దు, నాన్న కాస్త కోలుకోగానే నేనే చెప్పి తీయిస్తానని చిన్నకొడుకు బతిమాలాడు. ఆయన సరేనన్నాడు. అప్పట్నుంచీ గడ్డిని బతికించాలని పొద్దునోసారి, మధ్యాహ్నం ఎవరూ చూడకుండా మరోసారి నీళ్ళు పట్టేవాడు.

"ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. నువ్వు మొదటిసారి నన్ను పది మందిలో మెచ్చుకున్నావు. ఆ మాట పోతుందనిపించింది. నిన్న సీసా దొరికినప్పుడైనా చెప్పాల్సింది. నోరు పెగల్లేదు."

"కప్పెట్టినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు" అంది డిటెక్టివ్, గొంతు పెంచకుండానే. "మీ మాట నిలబెట్టడానికి ఆయన పదకొండు ఇళ్ళ కూడు వదులుకోడానికి సిద్ధపడ్డాడు. అదొక్కటి మర్చిపోకండి."

అతను తల దించుకున్నాడు. అరుగు మీద నుంచి పెద్దాయన గొంతు, ముద్దగా అయినా స్పష్టంగా వినిపించింది.

"నాకు మెత్తటి నేల కావాలన్నాడు డాక్టరు. నువ్వు గచ్చు వేయించావేరా."

పెద్దకోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సెక్రటరీ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. పెద్దకొడుకు కంప్లయింటు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చింపి, ముక్కలు ఎక్కడ పడేయాలో తెలియక జేబులో కుక్కుకున్నాడు. తర్వాత తోటమాలి దగ్గరికి నడిచి తప్పు తనదన్నాడు.

"సీసా చూపించి నన్నొక మాట అడిగుంటే బాగుండేది బాబూ" అన్నాడు తోటమాలి. "అడక్కుండా రాశారు."

అంతే అని, బుట్ట సర్దుకుని, పలుగు కూడా తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పక్కిళ్ళకు వస్తున్నాడు గానీ ఈ గేటు వైపు చూడటం లేదని పెద్దకోడలు ఫోను చేసి చెప్పినప్పుడు పోస్టుమాన్‌కు మనసు చివుక్కుమంది. అలా ముగిస్తే ఎలాగమ్మా అన్నాడు. మన పని ఎవరు చేశారో చెప్పడం వరకే బాబాయ్, మిగతాది వాళ్ళే చేసుకోవాలి అని డిటెక్టివ్ ఊలు ఉండ దొర్లించుకుంది.

మిగతాది వాళ్ళే చేసుకున్నారు. ఆ ఆదివారం పెద్దకొడుకు ఫోటో తియ్యకుండా, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తోటమాలి ఇంటికి వెళ్ళాడట. ఆయన ఇద్దర్నీ గంటసేపు అరుగు మీద కూర్చోబెట్టి, తన పెరట్లో పందిరికి పాకిన తీగల్ని సర్దుకుంటూ ఒక్క మాటా మాట్లాడలేదట. చివరికి ఒక షరతు పెట్టాడు. కూలీలను పెట్టకూడదు. ఎవరు కప్పారో వాళ్ళే తియ్యాలి, తాను పక్కన నిలబడి చెబుతాడు. చిన్నకొడుకు అప్పటికప్పుడు ఒప్పుకున్నాడు. పెద్దవాడు ఎవరూ అడక్కుండానే తానూ వస్తానన్నాడు.

పోస్టుమాన్ దారిన పోతూ ఒకసారి ఆగి చూశాడు. అన్నదమ్ములిద్దరూ చేతులకు గుడ్డలు చుట్టుకుని బండ ముక్కలు తట్టలకెత్తుతున్నారు. నాణ్యత పరీక్షించే మనిషి చొక్కా మొత్తం దుమ్ము. కొత్తమొన వేయించిన పలుగు మీద గడ్డం ఆనించి, ఆ మూల ఇంకా ఉంది, ఆ మూల అని తోటమాలి పెత్తనం చేస్తున్నాడు. సెక్రటరీ గోడ మీదుగా మజ్జిగ గ్లాసులు అందిస్తూ, మోత భరించలేకపోతున్నానని ఆనందంగా ఫిర్యాదు చేస్తున్నాడు.

బండంతా పోయాక కూడా తోటమాలి గడ్డి వెయ్యనివ్వలేదు. నలిగిన నేల, ముందు కోలుకోవాలి, ఒక పంట జనుము చల్లి పూత మీద దున్నేస్తే మట్టి మెత్తబడుతుందన్నాడు. అందాకా పెద్దాయనను పచ్చగా ఉన్న అంచు మీదే నడిపించాడు. రెండు నెలలకు జనుము నడుమెత్తు లేచి పసుపుపచ్చగా పూసింది. గేటు ముందు పోయేవాళ్ళు ఆగి, లాన్ కంటే ఇదే బాగుందని చెప్పి పోయారు.

దున్నే రోజు చూడ్డానికి రమ్మని పెద్దకోడలు కబురు పెడితే డిటెక్టివ్, పోస్టుమాన్ వెళ్ళారు. వెళ్ళేసరికి పని ఆగిపోయి ఉంది. పెద్దాయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కర్ర ఊతతో మెట్లు దిగి, పూల మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఇంకో వారం ఆగమంటున్నాడు. ముదిరిపోతే లాభం లేదని తోటమాలి అంటున్నాడు. పెద్దాయన వినడం లేదు.

"తమరు చెప్పండమ్మా" అని తోటమాలి డిటెక్టివ్ వైపు తిరిగాడు.

ఆమె సంచీలోంచి ఊలు తీసుకుంది. ఇందులో తాను తేల్చవలసింది ఏమీ లేదంది.

చివరికి తోటమాలే దిగొచ్చాడు. గోడ పక్కన ఒక్క వరస వదిలేస్తానన్నాడు. పెద్దాయన ఒప్పుకుని, ఆ వరస ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో తానే చూపిస్తానంటూ నడక మొదలుపెట్టాడు. వరస బాగా పొడవుగా ఉండాలని ఆయన ఉద్దేశమని పోస్టుమాన్‌కు గోడ వెంట మూడో మలుపు దగ్గర గానీ అర్థం కాలేదు. ఎవరూ ఆయన్ను తొందరపెట్టలేదు.